అరగంట ఆగిన టీ

హైదరాబాదులో డబ్బున్న కొన్ని ఇళ్ళలో ఇప్పుడొక మర్యాద నడుస్తోంది. జపాను నుంచి వచ్చిన ఖరీదైన గ్రీన్ టీని కప్పుల్లో పోసి, బల్ల మీద పెట్టి, అరగంట సేపు దాని మొహం చూస్తూ కూర్చుంటారు. పూర్తిగా చల్లారాక చిటికెన వేలు పైకెత్తి తాగుతారు. అదేమిటండీ అంటే, జపానులో దొరల పద్ధతి అంటారు. మా కంపెనీ కరపత్రంలోనూ అలాగే ఉంటుంది.

జపాను దొరలకు ఈ సంగతి తెలియదు. ఆ పద్ధతి పుట్టింది కడప జిల్లాలో, పులివెందులకు కాస్త ఇవతల ఒక పల్లెలో. పుట్టించింది నేను. గొప్ప కోసం చెప్పడం లేదు, భయంతో పుట్టించాను. అటువైపు ఎన్నడూ వెళ్ళని వాళ్ళ కోసం ఆ మూడు రోజుల ప్రయాణం రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు ఎలాగూ నేను చెప్పేది నమ్మరు, అందరికీ అంతకంటే పెద్ద కథలు ఉంటాయి.

సెల్‌ఫోను ఇటుకంత ఉన్న రోజులు అవి. సీమలో ఫ్యాక్షన్ గురించి పేపర్లలో రోజూ ఏదో ఒక వార్త ఉండేది. మా యజమాని ఆ వార్తలు చదివి భయపడలేదు, వ్యాపారం చూశాడు. జపాను ఆకులో ఒక గుణం ఉంది, అది మనసును నిమ్మళంగా ఉంచుతుంది, అదే సమయంలో నిద్ర రానివ్వకుండా మెలకువగా ఉంచుతుంది. కాఫీ అయితే చేతులు వణికిస్తుంది, ఇది వణికించదు. "నిమ్మళం కావాలి, కన్ను మూత పడకూడదు. ఇలాంటి సరుకు ఎవరికి కావాలయ్యా?" అని నన్ను అడిగాడు. సాధువులకండీ అన్నాను. "వాళ్ళ దగ్గర డబ్బెక్కడిది? ఫ్యాక్షన్ నాయకులకు" అన్నాడు. అలా నన్ను కడప జిల్లాకు పంపించాడు.

మాది కాకినాడ. టీ రుచి చూడడంలో పది రోజుల శిక్షణ పొందిన నాలుక నాది. ఆ పది రోజుల తరువాత పదేళ్ళపాటు ఎవరింట్లో టీ తాగినా ముఖం చిట్లించి బంధువులందరినీ దూరం చేసుకున్నాను. అలాంటివాణ్ణి ఒక మట్టి టీకుండ, టీ చిలికే వెదురు కుంచె, నీళ్ళ వేడి చూసే థర్మామీటరు, హైదరాబాదు నీళ్ళ క్యాను ఒకటి, గ్యోకురో అనే రకం ఆకు ఇరవై డబ్బాలు పట్టుకుని బస్సెక్కాను. డబ్బాలో యాభై గ్రాములు. వెల రెండు వేల రూపాయలు.

ప్రొద్దుటూరు: రెండు టీలు

బస్టాండులో నన్ను దించుకున్నది మౌలాలి. జీపు డ్రైవరు, మూడు రోజులకు కుదిరినవాడు. యాభై ఏళ్ళ మనిషి, గడ్డానికి గోరింటాకు. నా థర్మామీటరు చూసి, "జ్వరమా సారూ?" అన్నాడు. కాదు, నీళ్ళకు అన్నాను. నీళ్ళకు జ్వరం చూసే మనిషిని మూడు రోజులు మోయాలా అన్నట్టు నిట్టూర్చి సామాను ఎత్తాడు.

ప్రొద్దుటూరులో పొద్దున్నే కారం దోసె తినాలి. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, వెన్న ముద్ద ఒకటి వేసి ఇస్తారు. మా గోదావరి వైపు కారం అని దేన్ని అంటామో అది ఇక్కడ పసిపిల్లలకు పెట్టేది. కళ్ళనీళ్ళు కారుతుంటే ఎదురుగా ఉన్న టీ కొట్టుకు పరుగెత్తి ఒక టీ తాగాను. రెండు రూపాయలు. నా వెనకే వచ్చిన మౌలాలి మొహం మాడిపోయింది.

"సారూ, ఈడ తాగినారా? అయిపాయ. ఇంగ ఆ పక్క కొట్లో గూడా ఒకటి తాగండి."

"ఒకటి చాలు మౌలాలీ."

"చాలేది టీ గురించి గాదు. ఈ కొట్టు ఒక పార్టీ, ఆ కొట్టు ఇంగో పార్టీ. పల్లెలోళ్ళు టౌనుకొస్తే ఎవరి కొట్లో వాళ్ళు తాగుతారు. మనం ఎల్లుండి పల్లెల్లోకి పోతాండాం. ఈడ మాత్రమే తాగినాడని ఎవడన్నా చెప్తే, నా జీపుకు అద్దాలుండవు."

ఆ పక్క కొట్టుకు వెళ్ళి రెండో టీ తాగాను. రెండూ ఒకే టీ. ఒకే పొడి, ఒకే పాలవాడు, ఒకే బెల్లంపాకమంత తీపి. శిక్షణ పొందిన నా నాలుకకు తేడా తెలియలేదు. మౌలాలిని అడిగితే, జెండాల సంగతీ అంతేనన్నాడు. ఊళ్ళో పార్టీలు రెండే, అవి మారవు. పైన హైదరాబాదు పార్టీలు మారుతుంటాయి. వీళ్ళు ఏ జెండా పట్టుకుంటే వాళ్ళు రెండోది పట్టుకుంటారు, వీళ్ళు దాన్ని వదిలేస్తే వాళ్ళు ఇది పట్టుకుంటారు. సిద్ధాంతాల మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాసే మా హైదరాబాదు మేధావులు ఈ రెండు కొట్లలో చెరొక టీ తాగితే బోలెడు కాగితం మిగిలేది.

ఆ రోజు ఒక బంగారం కొట్టు యజమానికి నా సరుకు చూపించాను. ప్రొద్దుటూరు బంగారానికి పేరు మోసిన ఊరు, ఖరీదు తెలిసిన మనుషులని నా ఆశ. గ్యోకురో ఆకును కోతకు మూడు వారాల ముందు నీడలో ఉంచుతారని, ఎండ తగలని ఆకులో చేదు తగ్గి తీపి పెరుగుతుందని, కోసిన వెంటనే ఆవిరి పట్టి సూదుల్లా చుడతారని వివరించాను. ఆయన శ్రద్ధగా విని, ఒక ఆకును గీటురాయి మీద రాసి చూశాడు. అలవాటు కొద్దీ చేశాననీ ఏమనుకోవద్దనీ అన్నాడు. తరువాత కాస్త ఆకును లోపలికి పంపించాడు. పావుగంటకు వెండి గ్లాసుల్లో తిరిగి వచ్చింది. పాలు, చక్కెర, అల్లం, రెండు ఏలకులు వేసి పొంగేదాకా కాచారు. రంగు చెప్పడానికి నాకు నోరు రాదు.

"బాగానే ఉండాది. పొడి కొంచెం పాతబడినట్లుంది, రంగు దిగల్యా" అన్నాడు. ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోలేదు.

జమ్మలమడుగు: తెల్లచీర

రెండో రోజు జమ్మలమడుగు. దారి పొడవునా నల్లరేగడి, శెనగ చేలు, మధ్యలో నాపరాళ్ళ గుట్టలు. మా వైపు పొలం గట్టున కొబ్బరిచెట్టు ఉంటుంది, ఇక్కడ పొలం గట్టు కూడా రాయే. మైలవరం జలాశయం దగ్గర ఆగి చేపల పులుసు, జొన్నరొట్టె తిన్నాం. పులుసులో ఈదుతున్న చేప కంటే పైన తేలుతున్న కారమే ఎక్కువ. వడ్డించిన ఆవిడ నా కన్నీళ్ళు చూసి, "యా ఊరప్పా నీది, ఇంత సుకుమారం?" అని జాలిపడి మజ్జిగ పోసింది.

టీ ఆరోగ్యానికి మంచిదని ఆసుపత్రుల్లో చెప్పుకుంటే అమ్ముడవుతుందని మా యజమాని ఉపదేశం. ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రికి వెళ్ళాను. పెద్ద డాక్టరు లేడు. ఉన్నది సుగుణమ్మ అనే పెద్ద నర్సు. తెల్లచీర, తెల్లజుట్టు, మెడలో సన్నని గొలుసుకు శిలువ. ముత్తాత కాలంలోనే దొరల మిషన్‌లో కలిసిన కుటుంబమట. మూడు తరాలుగా ఆ ఇంట్లో టీచర్లు, నర్సులేనట. నేను ఆమె గదిలోనే నీళ్ళు కాచి, అరవై డిగ్రీలకు చల్లార్చి, రెండు నిమిషాలు ఆకు నాననిచ్చి కప్పులో పోశాను. ఆమె కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి తాగింది.

"దేనికి మంచిది నాయనా ఇది?"

కరపత్రం అప్పజెప్పాను. గుండెకు మంచిది, పళ్ళకు మంచిది, కొవ్వు కరుగుతుంది, మనసు కుదుటపడుతుంది, ముసలితనం ఆలస్యంగా వస్తుంది.

"పరలోకం గురించి రాయలేదా?" అంది. "మా కాడ మనిషి రోజుకు పది టీలు తాగుతాడు, టీకి మూడు స్పూన్లు చక్కెర. ఆ చక్కెర మానుకుంటే నీ కాగితంలో ఉన్నవాటిలో సగం వస్తాయి. దానికి జపాన్ దాకా పోవాలా? రుచి బాగుంది, బాగుందని చెప్పి అమ్ముకో. మందని చెప్పి అమ్మొద్దు."

పదేళ్ళలో నాకు దొరికిన మొదటి నిజాయితీ గల సలహా అది. పాటించకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మరుసటి రోజు మేము ఏ పల్లెకు వెళుతున్నామో విని ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. ఆ ఊరికి బస్సు ఆగిపోయి మూడు నెలలైంది. అద్దాలు పగలగొట్టింది ఏ పార్టీవాళ్ళో తేలేదాకా బస్సు నడిపేది లేదన్నారట. ఆ ఊరి మనిషి ఒకామె ఆసుపత్రిలో ఉందని, ఇంటికి పోయే దారి లేక చూస్తోందని చెప్పింది. పిలిస్తే వచ్చింది. పేరు లక్ష్మీదేవి. ముప్పై ఏళ్ళుంటాయేమో, మనిషిలో ఎముకలే ఉన్నాయి. కామెర్లు ముదిరి చావు దాకా పోయి వచ్చిందట.

"తగ్గిందే గానీ కాలేయం ఇంకా కోలుకోలేదు" అని సుగుణమ్మ నాకూ ఆమెకూ కలిపి చెప్పింది. "మూడు నెలలు గంజి, మజ్జిగ, చీనీకాయ రసం. అంతే. కొత్తది ఏదీ నోట్లో పడకూడదు. ఆకు కషాయాలు, పసరులు అసలే వద్దు. ఇంకోసారి తిరగబెడితే నేను చేసేదేమీ ఉండదు." నా టీకుండ వైపు చూసి, "ఈ ఆకునీళ్ళూ అంతే" అంది.

ముద్దనూరు దారిలో

మూడో రోజు ముగ్గురం బయలుదేరాం. లక్ష్మీదేవి వెనక సీట్లో చీర కొంగు తల మీదుగా కప్పుకుని, ఒడిలో చీనీకాయల సంచి, మా వైపు బత్తాయిలంటాం, పెట్టుకుని కూర్చుంది. ముద్దనూరు దగ్గర మౌలాలీ నేనూ ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులకు, అంటే మన మరమరాలకు, తిరగమోత పెట్టి, ఇంత పప్పులపొడి కలిపిన వంటకం. మిరపకాయ బజ్జీ కొరికేటప్పుడు మాత్రం ఇంటివాళ్ళను ఒకసారి తలుచుకోవాలి. ఆమె చీనీకాయ ఒలుచుకుంది.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగాను.

"కేశవప్ప ఇంట్లో ఉంటాడు సారూ. ముందు తాగుతాడు."

మేము చూడబోయేది ఆ కేశవప్పనే. ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద. కానీ ముందు తాగడమేమిటో నాకు అర్థం కాలేదు. మౌలాలి విడమరిచి చెప్పాడు. పదకొండేళ్ళ కిందట కేశవప్ప అన్నకు ఎవరో మజ్జిగలో ఏదో కలిపి ఇచ్చారు. ఎవరిచ్చారో అందరికీ తెలుసు, కోర్టుకు తప్ప. అప్పటినుంచి కేశవప్ప నోట్లోకి పోయేది ఏదైనా ముందు ఓబులేసు నోట్లోకి పోవాలి. ఓబులేసు ఈమె మొగుడు.

"తాగినాక అరగంట చూస్తారు సారూ" అని లక్ష్మీదేవి అంది, వాళ్ళాయన బ్యాంకులో పనిచేస్తాడన్నంత మామూలుగా. "గోడకు గడియారం ఉండాది. ముల్లు అరగంట తిరిగినాక ఆయప్ప తాగుతాడు."

"భయం వెయ్యదా?"

"మొదట్లో వేసేది. ఇప్పుడు ఆ గడియారం కొట్టేది ఇంటికి ఇనపడకుంటేనే భయం."

ఊరి మొదట్లో ఆమె దిగి వాళ్ళ ఇంటి సందులోకి నడిచింది. రెండిళ్ళు దాటేలోగా మూడుసార్లు గోడ పట్టుకుని ఆగింది.

గడియారం ఉన్న ఇల్లు

ఫ్యాక్షన్ నాయకుడంటే నేను పెద్ద మీసాలు, తెల్ల గుర్రం లాంటి కారు ఊహించుకున్నాను. కేశవప్ప ముక్కు మీద కళ్ళజోడు, బనీను మీద తువ్వాలు వేసుకుని, పేపర్లో రాశిఫలాలు చదువుకుంటున్నాడు. మీసం కూడా సరిగా లేదు. రిటైరైన లెక్కల మాస్టారులా ఉన్నాడు. నా నిరుత్సాహం మొహంలో కనపడిందేమో, "కూర్చోండి సారూ. వచ్చినోళ్ళందరూ ఇట్లనే చూస్తారు" అన్నాడు.

వాకిట్లోనే నా పెట్టె సోదా చేశారు. పదిమంది కుర్రవాళ్ళు, పదిమందికీ పనిలేదు. వెదురు కుంచెను ఎండలో పెట్టి చూశారు. థర్మామీటరు విరిచి చూస్తామంటే బతిమాలుకున్నాను. అప్పుడు లోపల్నుంచి ఓబులేసు వచ్చాడు. తలుపంత మనిషి. ఎవరూ చెప్పకుండానే పని మొదలుపెట్టాడు. ఆకు చిటికెడు నమిలాడు. క్యానులో నీళ్ళు గ్లాసు తాగాడు. ఖాళీ టీకుండ మూతి నాలుకతో తడిమాడు. పదిరోజుల శిక్షణలో మాకు ఇంత శ్రద్ధ నేర్పలేదు.

"ఆకు యాడ పెంచుతారు సారూ? నీడలోనా?" అన్నాడు.

నేను అదిరిపడ్డాను. "నీకెలా తెలుసు?"

"తమలపాకు తోట వాసన కొంచెం ఉండాది. ఎండ తగల్ని ఆకే అట్లుంటాది."

బంగారం కొట్టులో గంటసేపు ఉపన్యసించినా ఎక్కని సంగతి ఇతనికి చిటికెడు ఆకులో ఎక్కింది. నాకు ఒళ్ళు పొంగింది. ఆ పొంగే ఆ రోజు మా అందరి కొంప ముంచబోయింది.

నీళ్ళు కాచాను, చల్లార్చాను, ఆకు వేశాను. రెండు కప్పుల్లోకి పోశాను. లేత ఆకుపచ్చ, అడుగు కనపడేంత తేట. ఓబులేసు ఒక కప్పు తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొదటి గుక్కను నాలుక మీద చాలాసేపు ఉంచుకున్నాడు. ముఖంలో ఏదో మెత్తబడింది. నేను ఇంతమందికి ఇచ్చాను గాని అలా తాగినవాణ్ణి మాత్రం చూడలేదు.

"ఎట్లుందిరా?" అన్నాడు కేశవప్ప.

"బాగుందప్పా" అన్నాడు ఓబులేసు, కళ్ళు తెరిచి, మామూలు ముఖం పెట్టుకుని.

కేశవప్ప గోడ గడియారం చూశాడు. తన కప్పు మీద మూత పెట్టాడు. పేపరు తీశాడు.

ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు. "అయ్యో, అలా పెట్టకండి సార్! ఈ టీ ప్రాణం మూడు నిమిషాలే. ఆ తరువాత ఆ తీపి, ఆ వాసన, ఆ నిమ్మళం, అన్నీ పోతాయి. రెండు వేల రూపాయల డబ్బా అండీ. ఇదిగో పోతోంది... పోతోందండీ..." అని చేతులు నలుపుకున్నాను. శిక్షణ పొందిన నాలుక కదా, ఊరుకోదు.

కేశవప్ప పేపరు దించాడు. "పదకొండేండ్లాయ సారూ, నేను వేడి టీ తాగి" అన్నాడు. కోపంగా కాదు, ఆశగా. ఆ మాట విని నాకు ఆయన మీద నిజంగానే జాలేసింది. ఇంత పొలం, ఇంతమంది మనుషులు, ఒక వేడి టీకి నోచుకోలేదు. "మూడు నిమిషాలంటాండావు. మాకు ముప్పై గావాల. ఎట్ల జేద్దాం?"

కాసేపు ఆలోచించాడు. మోటారుకు ఎంత పైపు కావాలో ఆలోచించే రైతులా ఆలోచించాడు.

"ఓబులేసు గట్టోడు. వానికేమన్నా అయ్యేదానికి అరగంట పడతాది. సన్నపు మనిషైతే అంత అక్కరల్యా" అన్నాడు. ఇంతలో ఆయన ముఖం వెలిగింది. "ఒరే, నీ పెండ్లాం ఆసుపత్రి నుంచి వచ్చిందంట గదా? మనిషి పుల్ల మాదిరి అయిపోయిందంట. ఆయమ్మకైతే రెండు నిమిషాలు చాలు. పిల్చకరా. ఈ పొద్దుట్నుంచి మీ ఇద్దరూ. జీతం గూడా ఎక్కువిస్తా."

ఆయన గొంతులో ఎక్కడా దుర్మార్గం లేదు. మంచి ఉపాయం తట్టిన సంతోషమే ఉంది. కుర్రవాళ్ళు తలలూపారు. ఒకడు అప్పుడే చెప్పులేసుకుంటున్నాడు. ఓబులేసు కదల్లేదు. నోరు తెరిచాడు, మూశాడు. పదకొండేళ్ళు విషం కోసం ఎదురుచూసిన మనిషి ముఖంలో నేను మొదటిసారి భయం చూశాను. ఆ ఇంట్లో వద్దని చెప్పినవాడు ఎదుటి పార్టీకి అమ్ముడుపోయినవాడని మౌలాలి నాకు ముందే చెప్పాడు. ఓబులేసు వద్దనలేడు.

సుగుణమ్మ చెప్పిన మాట నా చెవిలోనే ఉంది. ఆకు కషాయాలు అసలే వద్దు. ఇంకోసారి తిరగబెడితే చేసేదేమీ ఉండదు. కామెర్లు అని చెబుదామా అనుకున్నాను. చెబితే, అయితే ఒక్క నిమిషమే చాలంటాడు. నా మూడు నిమిషాల గొప్ప ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు నా నోటి నుంచి ఒక నవ్వు వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు, వచ్చింది.

"సార్, మీరు పరీక్షలో నెగ్గారు" అన్నాను.

"ఏం పరీక్ష?"

"మూడు నిమిషాలన్నది మామూలు జనం పద్ధతండీ. గుమాస్తాలు, షాపువాళ్ళు తాగేది. తొందర మనుషులు కదా. జపానులో దొరలు అలా తాగరు. వాళ్ళకూ శత్రువులుండేవారు. వాళ్ళూ మీలాగే ముందు ఒకరిచేత తాగించి, కప్పు మీద మూత పెట్టి, అరగంట ఆగేవారు. ఆ అరగంటలో అసలు రుచి అడుగు నుంచి పైకి వస్తుంది. ముందు తాగేవాడు మాత్రం బలమైన మనిషి అయి ఉండాలి. బలహీనులు తాగితే టీకి అపచారమని వాళ్ళ నమ్మకం. ఈ పద్ధతి మేము అందరికీ చెప్పం."

"మరి ముందే ఎందుకు చెప్పలా?"

"ఎదుటి మనిషి తొందరపడే రకమో, దొర రకమో చూసి చెప్పమని మా కంపెనీ ఆజ్ఞ."

కేశవప్ప నన్ను కళ్ళజోడు పైనుంచి చూశాడు. గడియారం టిక్కు టిక్కు మంటోంది. లెక్కల మాస్టారు తప్పు పట్టేస్తాడనే అనుకున్నాను. చివరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను తొందర మనిషిని గాదప్పా" అన్నాడు. చెప్పులేసుకున్న కుర్రవాడు చెప్పులు విప్పాడు.

మిగిలిన ఇరవై నిమిషాలు మేమంతా ఒక మూతపెట్టిన కప్పును చూస్తూ కూర్చున్నాం. గడియారం కొట్టింది. కేశవప్ప మూత తీసి, చల్లగా, చేదెక్కి, ముదురు రంగుకు తిరిగిన ఆ నీళ్ళను గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా" అన్నాడు.

"ఆహా" అన్నారు కుర్రవాళ్ళు, ఒక్కరూ తాగకుండానే. వాళ్ళలో ఎవరు ముందన్నారో, ఎవరు వెనకన్నారో కూడా అక్కడ గుర్తుంచుకుంటారట.

పన్నెండు డబ్బాలు కొన్నాడు. సాగనంపుతూ చెవిలో ఒక మాట చెప్పాడు. "ఎదుటోళ్ళకు గూడా అమ్ముకో, నీ యాపారం నీది. వాళ్ళకు మాత్రం మూడు నిమిషాల పద్ధతి చెప్పు."

జీపు దగ్గర

సామాను జీపులోకి మోసింది ఓబులేసే. పెట్టె పెట్టాక వెళ్ళకుండా నిలబడ్డాడు. వాకిట్లో వాళ్ళకు వినపడనంత దూరంలో ఉన్నాం.

"సారూ, నువ్వు చెప్పింది అబద్ధం" అన్నాడు.

నేను వాకిలి వైపు ఒకసారి చూశాను.

"మొదటి గుక్కలో తియ్యన ఉండాది. శీతాకాలం తెల్లారేపొద్దు శెనగచేను మీద పంచె పరిచి మంచు పడతాం, చూసినావా? ఆ మంచు మాదిరి, శెనగాకు పులుపు మాత్రం ల్యాకుండా. ఆయప్ప తాగినాక కప్పులో మిగిలింది నేను గూడా తాగి చూసినా. అరగంటకు ఆ తియ్యన పాయ. వట్టి చేదు."

"చెబుతావా ఆయనకు?"

ఓబులేసు నవ్వాడు. మూడు రోజుల్లో ఆ జిల్లాలో నేను చూసిన మొదటి తీరికైన నవ్వు అది. "పదకొండేండ్ల నుంచి వేడి టీ ఎట్లుంటాదో చెప్పలా ఆయప్పకు. బాగుందప్పా అంటా, అంతే. ఇది మాత్రం ఎందుకు చెప్తా?"

అప్పుడు నాకు తట్టింది. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ప్రతి టీ, ప్రతి కూర, ప్రతి పాయసం వేడిగా, రుచిగా ఉన్నప్పుడు తింటున్నది ఈ ఒక్కడే. చావడానికి జీతం తీసుకుంటున్నవాడే తిన్నాడు. చావకుండా కాపలా పెట్టుకున్నవాడు పాచిది తిన్నాడు. జపాను నుంచి హైదరాబాదు మీదుగా ఇంత దూరం వచ్చిన నా దొర టీకి సరైన నాలుక ఒక్కటే దొరికింది, అది ఇతనిది.

నా సొంతానికి ఉంచుకున్న డబ్బా తీసి అతని చేతిలో పెట్టాను. నీళ్ళు ఎంత కాచాలో, ఎంత చల్లార్చాలో చెప్పాను, లక్ష్మీదేవికి మాత్రం మూడు నెలలు వద్దన్న సుగుణమ్మ మాటా చెప్పాను. థర్మామీటరు ఇవ్వబోతే వద్దన్నాడు, వేలితో తెలుస్తుందట. డబ్బాను పంచె మడతలో దాచుకుని, వాళ్ళింటి సందు వైపు చూశాడు.

"మూడు నెలలు పోనీ. నర్సమ్మ సరే అన్నాక పెడతా" అన్నాడు.

"ముందు నువ్వు తాగి చూసి ఇవ్వు" అన్నాను నేను, అలవాటైన మాటలా.

తల అడ్డంగా ఊపాడు. "ఆ పొద్దు నేను ముందు తాగను సారూ. ఇద్దరం ఒగేసారి తాగుతాం."